ఫోన్ ఇప్పుడు పడలేదు, స్క్రీన్ మాత్రం పగిలింది: కంపెనీకి ఏం రాయాలి?

ప్రశ్న: నమస్తే అండీ. కొత్త ఫోన్ కొని ఐదు నెలలు కూడా కాలేదు. మొన్న రాత్రి చార్జింగ్ పెట్టి బల్ల మీద వదిలేసి పడుకున్నా, పొద్దున్న లేచి చూస్తే కుడి పక్క కింద అంచు నుంచి ఒక సన్నటి గీత, స్క్రీన్ సగం దాకా పాకింది. సర్వీస్ సెంటర్‌లో అటూ ఇటూ తిప్పి చూసి ఇది ఫిజికల్ డ్యామేజ్, వారంటీలో రాదు, డిస్‌ప్లే మొత్తం మార్చాలి, డబ్బు కట్టండి అన్నారు. కస్టమర్ కేర్ చాట్‌లో కూడా ఎన్నిసార్లు అడిగినా అదే మెసేజ్. నిజం చెప్పాలంటే నెల కిందట ఒకసారి జేబులోంచి జారి పడింది, కవర్ ఉంది కాబట్టి అప్పుడు ఏమీ కాలేదు. ఆ సంగతి అస్సలు ఎత్తొద్దని మా తమ్ముడు అంటున్నాడు. సోషల్ మీడియాలో కంపెనీని ట్యాగ్ చేసి ఏకిపారేద్దామా, మెయిల్ రాయాలా, రాస్తే ఏం రాయాలి? అంత డబ్బు పోసి కొన్నాను, చాలా బాధగా ఉంది.

సమాధానం:

ముందు మీ తమ్ముడు చెప్పిన దాని గురించే మాట్లాడుకుందాం, ఎందుకంటే మిగతాదంతా దాని మీదే నిలబడి ఉంది. ఫోన్ ఒకసారి పడిందన్న సంగతి కంపెనీకి చెప్పండి. దాచొద్దు. మీ తమ్ముడు మీ మంచి కోరే అన్నాడు, కాదనను, కానీ పడిన ఫోన్ ఫ్రేమ్ మీద ఎక్కడో ఒక చిన్న సొట్టో గీరుడో ఉంటుంది, కవర్ తీయగానే టెక్నీషియన్‌కి కనబడేది అదే, మీరేమో ఎప్పుడూ పడలేదని రాసి ఉంటారు, ఇంక ఆ తర్వాత మీరు చెప్పే నిజాలు కూడా ఎవరూ నమ్మరు. మొదటికే మోసం వస్తుంది. అదే మీరే ముందుగా ఫలానా అప్పుడు ఇంత ఎత్తు నుంచి పడింది, అప్పుడు స్క్రీన్ మీద ఏమీ లేదు, ఆ తర్వాత ఇన్నాళ్లు బాగానే పనిచేసింది అని రాశారనుకోండి, చదివేవాళ్లు మిగతా మెయిల్‌ని కూడా సీరియస్‌గా చదువుతారు. కంప్లైంట్ రాసేవాళ్లకి చేతిలో ఉండే అసలైన బలం అదే.

ఇంకో మాట. ఐదు నెలలకే పగిలిందంటే క్వాలిటీ లేనట్టే కదా అని మీకు అనిపిస్తుంది, మెయిల్‌లో మొదటి లైన్ అదే రాయాలనిపిస్తుంది కూడా. దానివల్ల పని జరగదు. ఫోన్ కంపెనీల వారంటీ దాదాపు అన్నీ ఒకే మాట చెప్తాయి: తయారీలో లోపం ఉంటే మాది, పడి, నలిగి, ఒత్తిడికి పాడైతే మాది కాదు. కాబట్టి వాళ్ల ముందున్న ప్రశ్న ఒక్కటే, ఈ పగులు ఎక్కడ మొదలైంది, దేనివల్ల మొదలైంది. మీరు రాసే ప్రతి లైనూ ఆ ప్రశ్నకి పనికొచ్చేలా ఉండాలి. ఎంత డబ్బు పెట్టారో, ఎంత బాధపడ్డారో, ఎన్నేళ్లుగా అదే కంపెనీ ఫోన్లు వాడుతున్నారో, ఇవన్నీ నిజమే అయినా ఆ ప్రశ్నకి జవాబు చెప్పవు, చివర్లో ఒక్క లైన్ రాస్తే చాలు.

ఇక గ్లాస్ సంగతి. ఇది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది తెలిస్తే సర్వీస్ సెంటర్ వాళ్లతో మాట్లాడే తీరే మారిపోతుంది. ఫోన్ ముందు గ్లాస్ మామూలు అద్దం కాదు. కరిగిన పొటాషియం లవణంలో, సుమారు 400 డిగ్రీల సెల్సియస్ వేడిలో గంటల తరబడి ముంచుతారు. గ్లాస్ పైపొరలో ఉన్న చిన్న సోడియం అయాన్లు (విద్యుదావేశం ఉన్న పరమాణువులు) బయటికి వచ్చేసి, వాటి స్థానంలోకి వాటికంటే పెద్దవైన పొటాషియం అయాన్లు దూరతాయి. చోటు తక్కువ, వచ్చినవి పెద్దవి, దాంతో పైపొర అంతా ఇరుక్కుని బిగుసుకుపోయి ఉంటుంది. ఆ బిగుతు వల్లే చిన్న చిన్న గీతలు పడినా అవి తెరుచుకుని పగుళ్లుగా మారవు. కానీ ఆ బిగుతు పొర చాలా పల్చన, దాదాపు తల వెంట్రుక మందం, దాని లోపలి భాగం మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకంగా లాగబడుతూ ఉంటుంది. ఏదైనా దెబ్బ ఆ పొరని దాటి లోపలికి దిగిందంటే ఇక పగులుకి అడ్డు ఉండదు.

దీనివల్ల రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, దెబ్బ తగిలిన రోజే పగలాలని లేదు. అంచు దగ్గర కంటికి కనపడని ఒక పెచ్చు లేచి ఉండొచ్చు, గాలిలో ఉండే తేమ ఆ పగులు మొనని మెల్లమెల్లగా తింటుంది, గ్లాస్‌కి ఉన్న గుణమే అది, తర్వాత ఎప్పుడో జేబులో కాస్త వంగడమో, కవర్ బిగుతుగా పట్టడమో జరిగితే అప్పుడు ఒక్కసారిగా గీత పాకుతుంది. కాబట్టి నెల కిందటి ఆ పడటమే కారణం అయ్యే అవకాశం నిజంగా ఉంది, ఇది మీకు నచ్చకపోయినా చెప్పాలి కాబట్టి చెప్తున్నా. రెండోది మీకు పనికొచ్చేది. గ్లాస్‌కి అన్నిటికంటే బలహీనమైన చోటు అంచు, దాన్ని కోసి, అరగదీసి, నునుపు చేసేది ఫ్యాక్టరీలోనే, అక్కడ సరిగ్గా అరగదీయకపోయినా, ఫ్రేమ్‌లో అతికించేటప్పుడు ఒక పక్క ఒత్తిడి ఎక్కువ పడినా, పగులు వచ్చేది అంచు నుంచే. మీ గీత మొదలైంది కూడా అంచు నుంచే. అంటే రెండు వైపులా అవకాశం ఉంది, ఏదో తేల్చాలంటే దగ్గరగా చూడాలి.

ఎలా చూడాలో చెప్తాను. స్క్రీన్ మీద ప్రొటెక్టర్ ఉంటే ముందు అది పగిలిందా లోపలి గ్లాస్ పగిలిందా అన్నది తేల్చుకోండి, చాలామంది దగ్గర పగిలేది ప్రొటెక్టరే. అది తీసేశాక గోరుతో గీత మీద అడ్డంగా మెల్లగా రాయండి, గోరు తగిలి ఆగుతుంటే పగులు పైగ్లాస్‌ది, అస్సలు తగలకపోతే, గీత మాత్రం కనిపిస్తుంటే కింద డిస్‌ప్లే ప్యానెల్‌లోనే ఏదైనా అయి ఉండొచ్చు, అది వేరే కథ. తర్వాత గదిలో లైట్లు ఆపేసి, ఫోన్ ఆఫ్ చేసి, ఇంకో ఫోన్ టార్చ్‌ని పైనుంచి కాకుండా పక్కనుంచి, స్క్రీన్‌కి దాదాపు సమాంతరంగా పెట్టి భూతద్దంతో ఆ గీత వెంబడి వెళ్లండి. గీత ఎక్కడైనా రెండుగా చీలి ఉంటే, ఆ చీలిక ఏ వైపు తెరుచుకుందో పగులు ఆ వైపుకి పరిగెత్తిందని అర్థం, దానికి వ్యతిరేక దిశలో వెనక్కి వస్తే మొదలైన చోటు దొరుకుతుంది. ఆ మొదలు దగ్గర ఆగి బాగా చూడండి. చిన్న గుంట ఉందా, తెల్లటి పొడిలా నలిగిన గ్లాస్ ఉందా, అర్ధచంద్రం ఆకారంలో పెచ్చు లేచిందా, సరిగ్గా దాని పక్కన ఫ్రేమ్ మీద సొట్ట ఉందా. ఇవి ఉంటే దెబ్బ తగిలినట్టే, అది కంపెనీ వాళ్లు పది సెకన్లలో చూపిస్తారు, మీరు వాదించడం దండగ. ఇవేవీ లేకుండా, ఫ్రేమ్ శుభ్రంగా ఉండి, ఒకే ఒక్క గీత అంచు నుంచి వంపు తిరుగుతూ వెళ్లిందనుకోండి, మీ వాదనకి బలం ఉంది. అదే పూర్తి రుజువు అనను, గట్టి ఆధారం అంటాను.

ఇది చూసేటప్పుడే ఇంకోటి కూడా తప్పకుండా చూడండి, బ్యాటరీ. రాత్రి చార్జింగ్‌లో ఉండగా వచ్చిందన్నారు కదా. మామూలు చార్జింగ్ వేడికే మంచి గ్లాస్ పగలదు, కానీ లిథియం అయాన్ బ్యాటరీ లోపల గ్యాస్ తయారై ఉబ్బితే అది స్క్రీన్‌ని లోపలినుంచి పైకి నెడుతుంది. ఫోన్‌ని చదునైన బల్ల మీద పెట్టి చూడండి, ముందెప్పుడూ లేనట్టు ఊగుతోందా, స్క్రీన్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య సందు కొత్తగా వచ్చిందా, ఒక పక్క గ్లాస్ పైకి లేచినట్టుందా. అలా ఉంటే నొక్కి సరిచేయడానికి ట్రై చేయొద్దు, చార్జింగ్ పెట్టొద్దు, ఆఫ్ చేసి మంటలంటుకునే వస్తువులకి దూరంగా పెట్టి సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేయండి. అప్పుడు మీ కంప్లైంట్ స్క్రీన్ గురించి కాదు, సేఫ్టీ గురించి, కంపెనీలు దాన్ని వేరే లెవెల్‌లో తీసుకుంటాయి.

అసలు కంపెనీలు తప్పు మాదే అని ఎప్పుడైనా ఒప్పుకుంటాయా అని మీకు అనుమానం రావచ్చు. ఒప్పుకున్నాయి. 2019 ఆగస్టులో ఆపిల్ తన వాచ్ సిరీస్ 2, సిరీస్ 3 అల్యూమినియం మోడల్స్‌లో చాలా అరుదుగా స్క్రీన్ గుండ్రటి అంచు వెంబడి పగులు రావచ్చని తనే ప్రకటించి, అలా పగిలిన వాటికి ఉచితంగా స్క్రీన్ మార్చే ప్రోగ్రామ్ పెట్టింది. ఒక పక్క మొదలై అంచు చుట్టూ పాకుతుందని పగులు ఆకారం కూడా అందులో చెప్పింది. అదే ఏడాది శాంసంగ్, తన మడతపెట్టే ఫోన్ గెలాక్సీ ఫోల్డ్‌కి, రివ్యూ కోసం ఇచ్చిన ఫోన్ల స్క్రీన్లు కొన్ని రోజుల్లోనే పాడవడంతో, ఏప్రిల్‌లో పెట్టుకున్న విడుదల వాయిదా వేసి డిజైన్‌లో మార్పులు చేసి సెప్టెంబర్‌లో తెచ్చింది. మీ మోడల్‌కి కూడా ఇలాగే అయిందని నేను అనడం లేదు, కానీ ఈ రెండింటిలోనూ గమనించాల్సింది ఒకటుంది, కంపెనీ కదిలింది ఒకే రకం సమస్య మళ్లీ మళ్లీ కనబడినప్పుడు. అందుకని మీ మోడల్ పేరుతో వెతకండి, అదే పక్క, అదే అంచు నుంచి పగిలినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా చూడండి. ఉంటే ఆ లింకులు రెండు మూడు మెయిల్‌లో పెట్టండి. లేకపోతే ఆ ఊసే ఎత్తొద్దు, అందరికీ ఇలాగే అవుతోంది అని ఆధారం లేకుండా రాయడం కంటే రాయకపోవడం నయం.

ఫొటోలు మెయిల్ రాసేముందే తీసుకోండి, ముఖ్యంగా రిపేర్‌కి ఇవ్వకముందే. స్క్రీన్ మొత్తం ఒకటి, పగులు మొదలైన చోటు బాగా దగ్గరగా ఒకటి, నాలుగు మూలలూ నాలుగు పక్కలా ఫ్రేమ్, వెనక వైపు, పక్కన ఒక స్కేలు పెట్టి ఒకటి. వీటన్నిటినీ ఒకే వీడియోగా ఆపకుండా కూడా తీయండి. నెల కిందట పడినప్పుడు ఏర్పడిన గుర్తు ఫ్రేమ్ మీద ఎక్కడైనా ఉంటే అది కూడా తీయండి, దాన్ని వదిలేయొద్దు, ఎందుకంటే ఆ గుర్తు ఎడమ పై మూలలో ఉండి పగులు కుడి కింద మొదలైందంటే అది మీకే మేలు. బిల్లు, ఐఎంఈఐ నంబర్ (ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబర్), సర్వీస్ సెంటర్ వాళ్లు ఫోన్ చూసి రాసిచ్చిన జాబ్ షీట్ పక్కన పెట్టుకోండి. నోటిమాటగానే చెప్పి పంపించేశారంటే మళ్లీ వెళ్లి, మీరు చూసి ఏం తేల్చారో కాగితం మీద రాసివ్వండి అని అడగండి. ఇది చాలామంది చేయరు. కౌంటర్ దగ్గర నోటితో ఫిజికల్ డ్యామేజ్ అనడం తేలిక, కాగితం మీద రాయాలంటే ఎక్కడ, ఎలా అని ఇంకోసారి చూడాల్సి వస్తుంది.

మెయిల్ చిన్నదిగా ఉండాలి. ఇలా రాయొచ్చు, మీ వివరాలు మీరు నింపుకోండి:

“నమస్తే. నా ఫోన్ మోడల్ ఇది, ఐఎంఈఐ ఇది, కొన్న తేదీ ఇది, బిల్లు జత చేశాను. ఫలానా తేదీ రాత్రి ఫోన్‌ని బల్ల మీద చార్జింగ్‌లో పెట్టాను, ఉదయం చూసేసరికి కుడి కింది అంచు నుంచి పగులు ఉంది. అంతకు సుమారు నెల ముందు ఫోన్ ఒకసారి జేబు ఎత్తు నుంచి కవర్‌తో సహా కింద పడింది, అప్పుడు స్క్రీన్ మీద ఏ గుర్తూ లేదు, ఆ తర్వాత ఫోన్ మామూలుగానే పనిచేసింది. పగులు మొదలైన చోట గుంట గానీ, పక్కన ఫ్రేమ్ మీద సొట్ట గానీ లేదు, ఫొటోలు, వీడియో జత చేశాను. సర్వీస్ సెంటర్‌లో ఫిజికల్ డ్యామేజ్ అన్నారు, కానీ ఏ గుర్తుని బట్టి అన్నారో చెప్పలేదు. దయచేసి ఫోన్‌ని మీ టెక్నికల్ టీమ్‌తో పరీక్ష చేయించి, పగులు మొదలైన చోటు చూపించే ఫొటోతో, కారణంతో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. తయారీ లోపం అని తేలితే వారంటీలో డిస్‌ప్లే మార్చండి. ఫలానా తేదీలోగా మీ జవాబు కోసం ఎదురుచూస్తాను.”

అంతే. ఇందులో గుంట లేదు, సొట్ట లేదు అన్న లైను మీరు నిజంగా చూసి, అవి లేకపోతేనే రాయండి. గడువు తేదీ తప్పకుండా పెట్టండి, రెండు వారాలు అంటే మర్యాదగా ఉంటుంది. వీలైతే చాట్‌లో కాకుండా మెయిల్‌లోనో, కంపెనీ సైట్‌లో ఉండే కంప్లైంట్ ఫారంలోనో పంపండి, టికెట్ నంబర్ దాచుకోండి. చాట్‌లో ఉండేవాళ్లకి నిర్ణయం తీసుకునే అధికారం ఉండదు, వాళ్ల స్క్రీన్ మీద ఉన్న జవాబే పంపిస్తారు, వాళ్ల మీద అరిచి లాభం లేదు, పాపం వాళ్లు కూడా ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లే. ఈ కేసుని సీనియర్‌కి పంపండి, టికెట్ నంబర్ ఇవ్వండి అని మాత్రం గట్టిగా అడగండి.

ఇంక జవాబు వచ్చాక సంగతి. వాళ్లు ఫొటోతో సహా ఇదిగో ఇక్కడ దెబ్బ ఉంది అని చూపిస్తే ఒప్పుకోండి, ఒప్పుకుని అప్పుడు రెండోది అడగండి: ఫోన్ కొని ఐదు నెలలే అయింది, జరిగింది మొత్తం నేనే చెప్పాను, రిపేర్ ఖర్చులో ఏమైనా తగ్గించగలరా అని. గుడ్‌విల్ కింద ఇలా తగ్గించే అధికారం చాలా కంపెనీల్లో పై స్థాయి వాళ్లకి ఉంటుంది, హక్కుగా కాదు, వాళ్ల ఇష్టం, అడిగినవాళ్లకే వస్తుంది, ఏకిపారేసిన వాళ్లకి మాత్రం కష్టం. ఏ కారణమూ చూపకుండా మళ్లీ అదే ఫిజికల్ డ్యామేజ్ అంటే, అప్పుడు అమ్మినవాళ్ల దగ్గరికి కూడా వెళ్లండి, ఎందుకంటే కంపెనీ వారంటీ వేరు, చట్టం ఇచ్చే హక్కు వేరు. ఉదాహరణకి ఐరోపా యూనియన్‌లో లోపానికి బాధ్యత అమ్మినవాళ్లది, కనీసం 2 ఏళ్లు, అందులో మొదటి ఏడాది బయటపడిన లోపం కొన్నప్పుడే ఉన్నట్టు లెక్క, కాదని చూపించాల్సింది అమ్మినవాళ్లే. అన్ని దేశాల్లోనూ ఇలాగే ఉండదు, మీరున్న చోట వినియోగదారుల చట్టం ఏం చెప్తుందో చూసుకోండి, ఆ చట్టం కింద ఫిర్యాదు చేయాల్సి వస్తే కంపెనీ ఇచ్చిన రాతపూర్వక జవాబు పనికొస్తుంది. అలాగే ఫోన్ కొన్నప్పుడు స్క్రీన్ ఇన్సూరెన్స్ ఏమైనా కలిపి ఇచ్చారేమో, మీ కార్డుకి అలాంటి రక్షణ ఏమైనా ఉందేమో ఒకసారి చూడండి, వీటిలో చాలావాటికి తయారీ లోపమా, పడటమా అన్న వాదన అక్కర్లేదు, కాకపోతే ఇన్ని రోజుల్లోపు చెప్పాలనే గడువు ఉంటుంది, అది దాటిపోనివ్వకండి.

సోషల్ మీడియా పోస్ట్ ఎప్పుడంటే, మీరు పెట్టిన గడువు దాటినా జవాబు రాకపోతే, అప్పుడు. తేదీలు, టికెట్ నంబర్, ఒక ఫొటో, ఇన్ని రోజులుగా జవాబు లేదు అన్న ఒక్క మాట, చాలు. పడిన సంగతి అక్కడ కూడా రాయండి. ఐఎంఈఐ, బిల్లు మీద ఉన్న అడ్రస్, సర్వీస్ సెంటర్‌లో మీతో మాట్లాడిన అమ్మాయి పేరు, ఇవేవీ పెట్టొద్దు. ఇంకోటి, పోస్ట్ పెట్టగానే మేము కంపెనీ తరఫున మాట్లాడుతున్నాం, ఈ లింక్ నొక్కండి అని మెసేజ్‌లు వస్తాయి, అందులో మోసగాళ్లవి కూడా ఉంటాయి, అసలు అకౌంటేనా అని చూసుకోకుండా ఏమీ ఇవ్వొద్దు.

డిస్‌ప్లే మొత్తం ఎందుకు మార్చాలి, పైగ్లాస్ ఒక్కటే మార్చొచ్చు కదా అని మీకు అనిపించి ఉంటుంది. ఇప్పటి ఫోన్లలో గ్లాస్, టచ్, డిస్‌ప్లే మూడూ పారదర్శకమైన జిగురుతో ఒకటిగా అతికి ఉంటాయి, అందుకే సర్వీస్ సెంటర్లు మొత్తం మారుస్తాయి, ఈ ఒక్క విషయంలో వాళ్లు మిమ్మల్ని మోసం చేయడం లేదు. బయట గ్లాస్ మాత్రమే ఊడదీసి మార్చేవాళ్లు ఉన్నారు, కొంతమంది బాగానే చేస్తారు, కానీ కంపెనీ నుంచి ఆఖరి జవాబు వచ్చేదాకా అక్కడికి వెళ్లొద్దు. ఫోన్ బయట తెరిచారంటే పగులు మొదలైన చోటుతో సహా మీ ఆధారం పోయినట్టే, నీళ్లు చొరకుండా ఉండే సీల్ కూడా పోతుంది.

ఈలోపు ఫోన్ వాడాల్సి వస్తే పగులు మీద పారదర్శకమైన టేప్ వేయండి, గ్లాస్ ముక్కలు వేలికి గుచ్చుకోకుండా, తేమ లోపలికి పోకుండా ఉంటుంది, ఫొటోలు వీడియో అన్నీ తీశాకే వేయండి. చెవి దగ్గర పెట్టుకోకుండా స్పీకర్‌లో మాట్లాడండి. బ్యాకప్ మాత్రం ఈ రోజే తీసేయండి, రేపు అనుకోవద్దు, పగులు కింద ప్యానెల్‌కి దిగితే స్క్రీన్ ఒక్కసారిగా నల్లబడిపోతుంది, అప్పుడు ఫోన్ లోపల అంతా బాగానే ఉన్నా లాక్ తీయడానికి కూడా టచ్ పనిచేయదు. పరీక్షకి ఇచ్చేటప్పుడు సిమ్ తీసేసుకోండి, జాబ్ షీట్‌లో ఇచ్చేనాటికి పగులు ఎంత పొడవు ఉందో, ఫ్రేమ్ మీద ఏమేం గుర్తులు ఉన్నాయో వాళ్ల చేతే రాయించి సంతకం పెట్టించుకుని, ఆ కాగితానికి అక్కడే ఒక ఫొటో తీసుకుని రండి.